పెర్పేతువమ్మ చెయ్యి

సుక్కమ్మ ఏళ్ళ తరబడి ఒక పునీతురాలి మీద అబద్ధం చెబుతూ వచ్చింది. అదీ గుడిలో, పీఠం ముందు నిలబడి, పండుగ పూట, మైకులో. పాపం కాదా అంటే పాపమే, ఆమెకూ తెలుసు. ఈస్టరు ముందు పాపసంకీర్తనానికి పోయి కోపతాపాలు, కయ్యాలు, నోటి దురుసు అన్నీ ఫాదర్‌కు చెప్పుకునేది. ఈ ఒక్కటి మాత్రం దాచుకునేది. చెబితే ఆయన మానెయ్యమంటాడు. మానడం ఆమె వల్ల కాదు.

ఇబ్రహీంపట్నం చెరువు కింద మంచి మాగాణి ఉన్న పటేలు ఇంట్లోనూ, ఆ పొలంలో కూలి చేసుకునే వాళ్ళ గుడిసెలోనూ ఒకే నెలలో ఆడపిల్లలు పుట్టారు. రెండిళ్ళూ తాతల నాడే క్రీస్తును నమ్ముకున్నవి. సైకిలు మీద ఊళ్ళు తిరిగే తెల్ల ఫాదర్ ఇద్దరికీ ఒకే పూట జ్ఞానస్నానం ఇచ్చాడు. ఆ రోజు ఇద్దరు వేదసాక్షుల పండుగ. ఎప్పుడో రోమా రాజుల కాలంలో, కార్తేజు పట్నంలో, క్రీస్తును వదలమంటే వదలక కలిసి ప్రాణాలిచ్చిన ఆడవాళ్ళు. ఒకామె దొరసాని పెర్పేతువ, రెండో ఆమె దాసి ఫెలిసిత. ఇంకేముంది, పటేలు బిడ్డ పెర్పేతువ అయింది, కూలివాళ్ళ బిడ్డ ఫెలిసిత అయింది. ఇళ్ళల్లో మాత్రం నిర్మల, సుక్కమ్మ. ఫాదర్ మంచివాడే గానీ, ఎవరు ఎవరి కింద బతకాలో పసిగుడ్ల చెవిలో ఊది మరీ పోయాడు.

చిన్నప్పుడు ఇద్దరూ ఉపదేశి ఎల్లస్వామి ముందు కూర్చుని ఆ చరిత్ర విన్నారు, నిర్మల చాప మీద, సుక్కమ్మ నేల మీద. చెరసాలలో ఫెలిసితకు ఎనిమిదో నెలలోనే నొప్పులు వస్తే కావలివాడు వెక్కిరించాడట. "ఇప్పుడే ఇంత మూలిగితే రేపు మృగాల ముందు ఏం చేస్తావే?" అన్నాడట. ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత అడవి ఆవు కుమ్మి ఇద్దర్నీ కింద పడేస్తే, పెర్పేతువ ముందు లేచి, పోయి దాసికి చెయ్యిచ్చి లేపిందట. ఈ ముక్క దగ్గర ఎల్లస్వామి ఎప్పుడూ కళ్ళు తుడుచుకునేవాడు.

పెద్దయ్యాక నిర్మలకు ఇంద్రసేన ఇల్లరికం వచ్చాడు. సుక్కమ్మకు నారయ్యతో పెళ్ళయింది. ఆమె కాపురం కూడా పటేలు జాగాలోని గుడిసెలోనే.

ఆ ఏడు వరికోతల నాటికి సుక్కమ్మకు ఎనిమిదో నెల. మోపులు కల్లానికి చేరవేస్తున్నారు. ముందు నడిచిన ఆడవాళ్ళు మలుపు దాటిపోయారు. పొలం ఒడ్డు మీద గొడుగు పట్టుకుని నిర్మల ఒక్కతే నిలబడి ఉంది. సుక్కమ్మ కాలు జారి, మోపుతో సహా బురదలో బోర్లా పడింది. లేవలేక చెయ్యి చాచింది.

"చెయ్యియ్యి పటేలమ్మా."

నిర్మల అందేంత దూరంలోనే ఉంది. కుచ్చిళ్ళు పైకెత్తుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"గిదానికే గింత మూల్గుతున్నవ్, రేపు నొప్పులప్పుడేం జేస్తవే? లే, మోపులాగుతయ్."

సుక్కమ్మ తనంతట తానే లేచింది. ఆ సాయంత్రం పుట్టిన ఆడపిల్ల ఏడవలేదు. ఆ పిల్లను ఆ ఒడ్డు పక్కనే పాతిపెట్టారు. నారయ్య భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "సప్పుడు జెయ్యకు. గుడిసె వాళ్ళ జాగల ఉన్నది," అన్నాడు. వాడి భయం వాడిది. తర్వాత ఆమెకు కడుపు పండలేదు. చాప మీద పడుకుని పైకప్పు చూస్తున్న ఆమెకు ఒకనాడు తట్టింది: నిర్మల అన్న మాట చెరసాల కావలివాడిది. చిన్నప్పుడు పక్కపక్కనే కూర్చుని విన్న మాట. అన్న మనిషికి ఆ పూట అది గుర్తు కూడా లేదు.

పగ నివురు గప్పిన నిప్పులా ఉంటుందంటారు. సుక్కమ్మ పగకు నివురు కూడా లేదు, ఎర్రగా కనబడుతూనే ఉంది. చూసేవాళ్ళే లేరు. పొలంలో జరిగింది ఇద్దరికే తెలుసు. పటేలమ్మ మీద కూలిదాని మాట ఎవరు నమ్ముతారు?

ఎల్లస్వామి పోయాడు. పండుగ రోజున చరిత్ర చెప్పేవాళ్ళు లేక గుడి బోసిపోతుంటే, "నేను జెప్త," అని సుక్కమ్మ లేచింది. కావలివాడి మాట దగ్గరికి వచ్చేసరికి నోరు దారి మార్చుకుంది. ఆ వెక్కిరింపును తీసుకుపోయి పెర్పేతువ నోట్లో పెట్టింది. అడవి ఆవు కుమ్మినప్పుడు దొరసాని తన చీర సర్దుకుంటూ నిలబడిందని చెప్పింది. చెయ్యివ్వడం అనే మాటే ఎత్తలేదు. ముందు బెంచీలో కూర్చున్న నిర్మల ముఖం మాడిపోయింది. తన మాటలు తనకే వినబడ్డాయి మరి. లేచి కాదంటే, నీకెందుకే అంత ఉలుకు అని నలుగురూ అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

అంతే, సుక్కమ్మకు రుచి తగిలింది. ప్రతి ఏడూ దొరసాని ఇంకాస్త చెడ్డదయ్యేది. పాత వాళ్ళు పోయారు, కొత్త వాళ్ళకు అదే వేదవాక్కు. ఆ గుడిలో జ్ఞానస్నానం పొందిన ప్రతి రెండో ఆడపిల్లకూ ఫెలిసిత అని పేరు పెట్టారు. పెర్పేతువ ఒక్కతీ లేదు. పిల్లలు పోట్లాడుకుంటే, "నువ్వే పెర్పేతువ!" అని తిట్టుకునేవారు. సుక్కమ్మకు కడుపు నిండేది. కానీ ఆమెకు కావలసింది అది కాదు. ఆ ఒడ్డు మీద తాను చేసిందేమిటో నిర్మల తన నోటితో, అందరి ముందు చెప్పాలి. దాని కోసమే ఆమె కాళ్ళీడ్చుకుంటూ బతుకుతోంది.

ఇంతలో హైదరాబాదు నగరం సాగర్ రోడ్డు పట్టుకుని నడిచొచ్చింది. మన్నెగూడ దాటింది, ఇబ్రహీంపట్నం చేరింది. ఎక్కడ చూసినా రంగు జెండాలు, సరిహద్దు రాళ్ళు. ఇంద్రసేన పొలాన్ని వెంచరు చేశాడు. ఒడ్డు పోయి డాంబరు రోడ్డు వచ్చింది. దాని కింద ఒక పసిగుడ్డు ఉందని వెంచరు బోర్డు మీద రాయరు కదా. గుడిసె కూడా పోయింది. నారయ్య అప్పటికే పోయాడు. సుక్కమ్మ బస్సు డిపో వెనక గదిలో ఉంటూ, బస్సుల దగ్గర కంకులు కాల్చి అమ్ముకునేది.

పండుగ దగ్గర పడిన వేళ గుడి ముందు ఒక ట్రాలీ ఆగింది. నిర్మల చేయించిన బొమ్మ దిగింది. గడ్డి తీసి చూస్తే పెర్పేతువ వంగి, కింద పడ్డ ఫెలిసితకు చెయ్యిచ్చి లేపుతోంది. సుక్కమ్మ ఒళ్ళు భగ్గుమంది. తన నోరు మూయించడానికే ఆ బొమ్మ వచ్చింది.

నిర్మల కారు దిగి, నెమ్మదిగా ఆమె పక్కకు వచ్చింది. మోకాళ్ళ నొప్పులు, చేతినిండా గాజులు.

"ఈ యేడన్న నిజం జెప్పు సుక్కమ్మా. ఎల్లస్వామి జెప్పింది నీకూ యాదుంది, నాకూ యాదుంది."

"అవ్ పటేలమ్మా. మస్తు యాదుంది."

ఆ మధ్యాహ్నం బొగ్గుల మీద విసనకర్ర ఊపుతూ సుక్కమ్మ కుతకుత ఉడికింది. ఆ చెయ్యి లేపడానికి కాదు, తొయ్యడానికని చెబుదామా? కంకి ఒకటి మాడిపోయింది, కొనడానికి వచ్చినతను తిట్టి పోయాడు. అప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. ఎంత పిచ్చిదాన్ని! ఇన్నేళ్ళూ పెర్పేతువను నిర్మల అంత చెడ్డదాన్ని చేసి, నిర్మలకు తోడు తెచ్చిపెట్టింది తనే. నిజం చెబితే నిర్మల ఒంటరిదైపోతుంది. అడిగింది గదా, ఇద్దాం.

పండుగ నాడు ఫాదర్ తెర తీయగానే పిల్లలు గోల పెట్టారు. "అవ్వా, పెర్పేతువమ్మ చెయ్యెందుకు పట్టుకున్నది?"

సుక్కమ్మ మైకు అందుకుంది.

"ఇయాల కథ పటేలమ్మ అడిగినట్లే జెప్త. నేనిన్నేండ్లు జెప్పింది తప్పట. అవ్, తప్పే."

ముందు బెంచీలో నిర్మల పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది.

"ఎక్కిరిచ్చింది కావలోడు. పెర్పేతువమ్మ గసొంటి మాట ఎన్నడనలే. ఆమె దొరసాని, పెద్దింటి బిడ్డ. ఆవు కుమ్మితే ఆమెకూ దెబ్బలు తాకినయ్. అయినా లేసి, దాసి యాడున్నదని ఎతికింది. దుమ్ముల పడున్నది. ఎవలు పొమ్మనలే. దాసి అడగను గూడ అడగలే. పోయింది, వంగింది, చెయ్యిచ్చింది. దుమ్ము అంటుతదని జూడలే, చీరె జూసుకోలే. గందుకే దేవుడు దొరసానిని, దాసిని ఒక్క పండుగల కూసోబెట్టిండు. చెయ్యియ్యకుంటే ఆమె పేరు ఎవలు దలుస్తుండె?"

నిర్మల నవ్వు ఎప్పుడు పోయిందో పక్కనున్న కోడలికే తెలియాలి. సుక్కమ్మ బొమ్మ ముందు నేల మీద కూలబడింది. మైకు పక్కన పెట్టి, చెయ్యి చాచింది.

"చెయ్యియ్యి పటేలమ్మా."

జనం ఆట అనుకున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిర్మల బెంచీ పట్టుకుని లేచింది. కోడలు పట్టుకోబోతే తోసేసింది. వచ్చి, ఆ మోకాళ్ళతోనే వంగి, చెయ్యి చాచింది.

"ఆనాడు ఇయ్యలే సుక్కమ్మా. ఒడ్డు మీద నిలబడి గూడ ఇయ్యలే. నీ బిడ్డ నా వల్లనే పోయింది."

కింద పెట్టిన మైకు ఆ మాటను గుడి మీది స్పీకరు దాకా మోసింది. సాగర్ రోడ్డు మీద పోయేవాళ్ళూ విన్నారు. చప్పట్లు ఆగిపోయాయి.

సుక్కమ్మ ఆ చేతిని తీరిగ్గా, కళ్ళారా చూసుకుంది. పట్టుకోలేదు. పీఠం అంచు ఆసరా చేసుకుని తనంతట తానే లేచింది. చీర దులుపుకుంది.

"గా చెయ్యి నాది గాదు పటేలమ్మా. నా బిడ్డది. యాడున్నదో నీకెర్కే. పొయ్యి ఇయ్యిపో."

నిర్మల చెయ్యి అలాగే చాచి ఉంది. సుక్కమ్మ గుడి మెట్లు దిగి డిపో వైపు నడిచింది. సాయంత్రం బస్సుల వేళవుతోంది, బొగ్గులు రాజేయాలి.