వసుంధర మేడం చెరిపేసిన షాట్

దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో మా ఎడిటింగ్ గది కిందే కరక్ చాయ్ దుకాణం. పొద్దున్నే మరిగే యాలకుల వాసన మెట్లెక్కి వస్తే, వసుంధర మేడం వచ్చేస్తున్నారేమోనని ఇప్పటికీ గబగబా సర్దుకుని కూర్చుంటాను. ఆవిడ రిటైరై కాకినాడ వెళ్లిపోయి ఏడాది దాటింది. నా అలవాటు మాత్రం పోలేదు.

మేడం మొదట్లో హైదరాబాదులో టీవీ కార్యక్రమాలు తీశారు. తర్వాత పీహెచ్‌డీ చేసి, దుబాయ్‌లో ఒక విశ్వవిద్యాలయంలో డిజిటల్ సినిమా నిర్మాణం బోధించారు. మిగతా ప్రొఫెసర్లు పరిశోధించి వ్యాసాలు రాస్తే, ఈవిడ సినిమా తీసి, తీస్తూ ఏం తెలుసుకున్నారో రాసేవారు. పాఠాలన్నీ కొత్త కెమెరాల గురించి, చేతిలో ఫోను మాత్రం అద్దం పగిలింది. 2021లో నేను ఆవిడ దగ్గర ఎడిటింగ్ సహాయకురాలిగా చేరాను. రాజమండ్రి నుంచి వచ్చిన నాకు పని వచ్చునన్న పొగరు కాస్త ఎక్కువే. ప్రతి షాటూ అక్కడే ఎందుకు కోశావని అడిగి అడిగి, పల్లెత్తు మాట అనకుండానే మూడు రోజుల్లో దాన్ని దించేశారు.

ఆవిడకో పద్ధతి ఉండేది. సినిమా ఎవరి గురించైతే వాళ్లే మొదటి ప్రేక్షకులు. వాళ్లు వద్దన్నది అందులో ఉండదు. ఆ ఏడు సినిమా రాజన్న గురించి. జగిత్యాల వైపు మనిషి, జెబెల్ అలీ రేవులో చమురు ట్యాంకులు కడిగేవాడు. ఒళ్లంతా నల్లటి మడ్డితో ట్యాంకులోంచి పైకొచ్చి, ఎండకు కళ్లు చికిలించి నవ్వే షాట్ ఒకటి దొరికింది. సినిమాకి ప్రాణం అదే. మేడం ప్రమోషన్ ఆ సినిమా మీదే ఆధారపడి ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం కార్మికుల క్యాంపులో రాజన్న గదిలో గోడకి దుప్పటి కట్టి, మాస్కులు పెట్టుకుని చూశాం. ఆ షాట్ రాగానే రాజన్న తల దించుకున్నాడు. స్టోర్‌లో, ఏసీలో కూర్చుని చేసే పని అని కూతురికి చెప్పుకున్నాడట.

“ఇది సూస్తె బిడ్డ సదువు బంద్ పెడ్తది మేడం. నన్ను వాపస్ రమ్మంటది. తీసెయ్యిండ్రి,” అన్నాడు.

అంగీకార పత్రం మీద సంతకం పెట్టాడు కదా అని నేను మేడం చెవిలో గొణిగాను.

“సంతకం పెట్టినప్పుడు ఆయన సినిమా చూడలేదమ్మాయ్,” అన్నారావిడ.

అక్కడికక్కడే, రాజన్న చూస్తుండగా, సినిమాలోంచీ హార్డ్ డిస్కులోంచీ కూడా నాచేత తీసేయించారు. “ఖలాస్,” అని రాజన్న ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఏడు ప్రమోషన్ రాలేదు. సినిమా మధ్యలో పట్టు సడలిందని పరీక్షకులు రాశారు. మేడం అది చదివి, నిజమేగా అని నవ్వి, నాకో చాయ్ చెప్పారు. నాకైతే ఏడుపొచ్చింది.

కానీ ఆవిడ దగ్గర ఒక సంగతి దాచాను. ఆ షాట్ కాపీ నా సొంత డిస్కులో ఉంది. ఎవరికీ చూపించలేదు, అలాగని చెరపడానికి చేతులూ రాలేదు.

మొన్న రాజన్న ఫోన్ చేశాడు. కూతురు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగంలో చేరిందట. తన పనేమిటో తనే చెప్పేశాడట. ఆ షాట్ ఉంటే బాగుండేదని, బిడ్డ చూస్తానంటోందని అన్నాడు. నేను ఉబ్బితబ్బిబ్బై వెంటనే మేడంకి ఫోన్ చేసి నా దగ్గర ఉందని చెప్పాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను.

“అది లేదని ఆయన ఇన్నేళ్లూ నమ్మాడు. ముందు ఉందని చెప్పు. తర్వాత ఇవ్వు,” అన్నారు.

రాజన్నకి చెప్పాను. అతను ఒక్కటే అడిగాడు.

“మేడంకు గప్పుడే ఎర్కనా?”

నేను మొన్న చెప్పేదాకా తెలియదన్నాను.

“గట్లయితె మంచిదే,” అన్నాడు. ఆ షాట్ అతనికి పంపించాను.

ఇప్పుడు ఎవరైనా ఒక షాట్ వద్దంటే, వాళ్ల ముందే నా సొంత డిస్కు కూడా తెరిచి చూపిస్తాను. మేడం మీద రాజన్న నమ్మకం చెక్కుచెదరలేదు. నా మీద ఎంత మిగిలిందో అడిగే ధైర్యం నాకింకా రాలేదు.