సున్నానికి బదులు సోడా

తీగల మిల్లులో అందరూ ఆయన్ని మిల్లీగ్రాము గారు అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అన్నారు, తర్వాత మొహం మీదే అన్నారు, చివరికి జీతాలు పంచే గుమాస్తా కూడా అదే పేరుతో పిలిచేశాడు. ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు. పైగా తన పనికి తగ్గ పేరే పెట్టారని లోలోపల మురిసిపోయాడు.

పని ఏమిటంటే, ఇనప కడ్డీలను సన్నటి తీగలుగా లాగే ముందు వాటి మీది తుప్పు ఊడిపోవడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టిలో ముంచుతారు. పది రోజులు పోయేసరికి ఆ యాసిడ్ తుప్పు తినీ తినీ నీరసిస్తుంది. పారబోద్దామంటే కాలవలో చేపా మిగలదు, గట్టున గడ్డీ మిగలదు. అందుకని దాన్ని షెడ్డు వెనకున్న సిమెంటు గోతిలోకి వదిలి, సున్నం కలిపి, చురుకు చచ్చాక నీళ్ళను పంపుతో తోడేస్తారు. అడుగున మిగిలే ఎర్ర బురదను మనుషులు దిగి పారలతో ఎత్తాలి. ఎంత యాసిడ్‌కి ఎంత సున్నం పడుతుందో చెప్పడం మిల్లీగ్రాము గారి ఉద్యోగం.

చెప్పడమంటే గాల్లో లెక్కలు వేసి చెప్పడం కాదు. గోతిలోంచి సీసాడు నీళ్ళు తెప్పించి, గాజు గొట్టంలోంచి చుక్క చుక్కగా మందు వదిలి, ఏ చుక్క దగ్గర రంగు తిరుగుతుందో కళ్ళు చికిలించుకుని చూసేవాడు. తొంభై ఎనిమిది పాళ్ళ యాసిడ్‌ని చంపడానికి డెబ్భై నాలుగు పాళ్ళ సున్నం కావాలి. ఆ లెక్కన ఇవాళ్టి గోతికి ఇన్ని కిలోలు అని చీటీ రాసి కింద సంతకం పెట్టేవాడు. పంతొమ్మిదేళ్ళలో ఆయన చీటీ తప్పిందన్న మాట లేదు.

అంతకుముందు ఆరేళ్ళు ఒక ట్యుటోరియల్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పాడు. ఆ కాలేజీ మూతపడింది గానీ ఆయనలోని పంతులు మాత్రం రిటైరవలేదు. "బాణం గుర్తుకి ఎడంపక్క ఎంత బరువుందో కుడిపక్కా అంతే ఉండాలి. ఏదైనా మాయమైందంటే అది మాయమైనట్టు కాదు, మీరు లెక్కపెట్టలేదన్నమాట" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. ఇంట్లోనూ ఇదే వరస. టీ పొడి చెంచా మీద గుట్టగా కనిపిస్తే వేలితో చదును చేసి గానీ వెయ్యనిచ్చేవాడు కాదు.

ఆ ఇంట్లో ముగ్గురు. ఆయన, భార్య, భార్య తమ్ముడు. ఆమె ముందుగదిలో మిషను పెట్టుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది. పిల్లలు లేరు. తమ్ముణ్ణి ఇరవయ్యో ఏట తన దగ్గరికి తెచ్చుకుంది, మొగుడి చేత మిల్లులో ఉద్యోగం వేయించింది, ఆ తర్వాత వాడే ఆమెకి పిల్లాడూ తమ్ముడూ అన్నీ అయ్యాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తితే నవ్వి తప్పించుకునేవాడు. గోతి పనివాళ్ళకి మేస్త్రీ. నోటిదురుసు మనిషి, ఒక్క చోట కాలు నిలవదు, కానీ పనివాళ్ళకి వాడి మీద ప్రాణం.

"అక్కా, కూరలో ఉప్పెయ్యకు. బావకో త్రాసు ఇచ్చెయ్, ఆయనే తూచి వేసుకుంటాడు" అనేవాడు అన్నం దగ్గర.

"నీ నోటికి కూడా త్రాసు ఉంటే బాగుండును" అనేవాడు బావ. ఆ ఇంట్లో ప్రేమంటే చాలాభాగం ఇదే.

ఆ వేసవిలో ఒక వారం సున్నం లారీ రాలేదు. గొయ్యి సగం దాకా నిండి ఉంది, తొట్టిలో యాసిడ్ మార్చాలి, మార్చకపోతే మిల్లు ఆగిపోతుంది. బాయిలర్ నీళ్ళ కోసం తెప్పించిన సోడా యాష్ బస్తాలు స్టోరులో పడున్నాయి. అది బట్టల సోడాకి అన్న లాంటిది, నీటి తడి లేని తెల్లటి పొడి. సున్నానికి బదులు అది పనికొస్తుందా అని మేనేజరు అడిగాడు.

"ఎందుకు పనికిరాదండీ?" అన్నాడు మిల్లీగ్రాము గారు. నిజం చెప్పాలంటే ఆయనకి హుషారొచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా ఒకే లెక్క చేస్తున్నవాడికి కొత్త లెక్క దొరికింది. డెబ్భై నాలుగు పాళ్ళ సున్నం చేసే పనికి నూటఆరు పాళ్ళ సోడా కావాలి. ఆ గోతికి డెబ్భై కిలోల సున్నం పట్టేది కాబట్టి సోడా అయితే వంద కిలోల మూడు వందల గ్రాములు. చీటీ మీద వంద కిలోలు, రెండు బస్తాలు అని రాశాడు.

చీటీ తీసుకోవడానికొచ్చిన బావమరిది పక్కనున్న లెక్క కాగితం చూసి, "మూడు వందల గ్రాములు వదిలేశారేంటి బావా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

పది గంటలకి సోడా పోయడం మొదలుపెట్టారు. కాసేపటికి మేస్త్రీ బావ గది కిటికీ దగ్గరికి వచ్చి, "బావా, సున్నం వేస్తే ఇలా పొంగేది కాదే. నురగ గట్టు దాకా వస్తోంది" అన్నాడు.

"సోడా కదా, పొంగుతుంది. మెల్లగా పొయ్యమను, చిందితే ఒళ్ళు కాలుతుంది" అన్నాడు ఈయన. ఆయన మనసంతా చింది పడే యాసిడ్ మీదే ఉంది. పదకొండున్నరకి వెళ్ళి రంగు కాగితం ముంచి చూశాడు. యాసిడ్ చచ్చింది. లెక్క గ్రాముకి గ్రాము సరిపోయిందని పొంగిపోయి, గోతిలో పని చేసుకోవచ్చు అని రాసి సంతకం చేశాడు.

పంపు నీళ్ళు తోడేసింది. అందరికంటే ముందు మేస్త్రీ నిచ్చెన దిగాడు, ఎప్పుడూ వాడే ముందు దిగుతాడు. సగం మెట్లు దిగి, ఆగి, పైకి చూసి ఏదో అనబోయాడట. అనకుండానే జారి అడుగున పడ్డాడు. కాలు జారిందనుకుని ఒకడు వెనకే దిగబోయాడు గానీ, నడుం దాకా దిగేసరికి కళ్ళు తిరిగి, పైవాళ్ళు జబ్బ పట్టుకుని లాగేస్తే బతికాడు. గాలి గొట్టం పెట్టి మేస్త్రీని పైకి తెచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. అప్పటికే ప్రాణం లేదు. ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ కూడా లేదు.

మిల్లు భద్రతాధికారి రెండు రోజులు విచారణ జరిపి, మూడో రోజున కాగితం తయారుచేశాడు. మేస్త్రీ తాడు కట్టుకోకుండా, గాలి పరీక్షించకుండా తొందరపడి దిగాడని, అది అతని సొంత అజాగ్రత్త అని అందులో ఉంది. ఆ మిల్లు పుట్టాక ఆ గోతిలోకి తాడు కట్టుకుని దిగినవాడు ఒక్కడూ లేడు. తాడే లేదు. ఆ సంగతి కాగితంలో ఎవరూ రాయలేదు. సాక్షులుగా నలుగురు సంతకాలు చేశారు, నాలుగోది మిల్లీగ్రాము గారిది.

సంతకం చేసేనాటికి ఆయనకి నిజంగానే తెలియదు. తెలిసింది ఆ మధ్యాహ్నం, తన బల్ల దగ్గర. పాత చీటీ చేతిలో ఉంది, పెన్సిలు దానంతటదే సమీకరణం రాసుకుపోయింది. ఎడంపక్క యాసిడ్, సోడా. కుడిపక్క ఉప్పు, నీళ్ళు, ఇంకా ఒక వాయువు. పాత పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అంటారు, ఇప్పటి పిల్లలు కార్బన్ డయాక్సైడ్ అంటారు. సున్నం వేసినప్పుడు అది పుట్టదు. పంతొమ్మిదేళ్ళుగా కుడిపక్కకి చూడాల్సిన అవసరం రాలేదు, ఆ రోజూ చూడలేదు. నూటఆరు పాళ్ళ సోడాకి నలభై నాలుగు పాళ్ళ వాయువు. వంద కిలోలకి నలభై ఒకటిన్నర కిలోలు, అంటే ఆ ఎండలో ఇరవై మూడు ఘనపు మీటర్లు. గొయ్యి రెండు మీటర్ల పొడవు, రెండు వెడల్పు, మూడు లోతు. మొత్తం పన్నెండు. రంగూ వాసనా లేని ఆ వాయువు గాలికంటే బరువు కాబట్టి గోతిలోంచి కదలదు, నీళ్ళు తోడేస్తుంటే నీళ్ళతోపాటే కిందికి దిగుతుంది. దాదాపు రెండు గోతులకి సరిపడా పుట్టించి, దిగొచ్చని సంతకం పెట్టాడు.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి పోయి, నోరు మెదపలేదు. ఒక రోజు కాదు, ఇరవై రెండు రోజులు. పిరికితనం అనండి, భార్య మొహం చూడలేకపోవడం అనండి, రెండూ నిజమే. నేను ఆయన్ని వెనకేసుకురాను.

ఆయన్ని ఎక్కువ కష్టపెట్టింది ఏమిటంటే, ఆమె చచ్చిపోయిన తమ్ముణ్ణి రోజూ తిట్టేది. మిషను తొక్కుతూ, బట్ట కత్తిరిస్తూ, ఎదురుగా నిలబడి ఉన్నట్టే తిట్టేది. "దూకుడు వెధవ. చిన్నప్పట్నుంచీ అంతే, చెప్పిన మాట విన్నాడా ఎప్పుడైనా? కాసేపు ఆగితే ఏం పోయింది?" అని అరిచి, ఆ తర్వాత కుట్టు కనపడనంతగా ఏడ్చేది. వేరే ఊళ్ళో పెద్దకొడుకు దగ్గరున్న తల్లి ఫోను చేసినప్పుడల్లా ఒక్కటే అడిగేది, వాడెందుకు దిగాడమ్మా అని. "తొందరపడ్డాడమ్మా, కాగితంలో కూడా అదే రాశారు" అని ఈమె జవాబు. పక్కగదిలో మిల్లీగ్రాము గారు ఆ మాట వింటూ కూర్చునేవాడు. వాడి మీద పడ్డ తప్పు అలాగే ఉండిపోతే, వాణ్ణి గోతిలోంచి ఎవరూ పైకి తియ్యనట్టే అనిపించేది ఆయనకి.

ఇరవై మూడో రోజు పొద్దున్నే జేబులోని లెక్కని తెల్లకాగితం మీద శుభ్రంగా ఎత్తిరాశాడు. కింద, ఈ వాయువును లెక్కపెట్టవలసినవాడిని నేను, మేస్త్రీకి తెలిసే వీలు లేదు అని రాసి భద్రతాధికారి బల్ల మీద పెట్టాడు.

అధికారి రెండుసార్లు చదివి గొంతు తగ్గించాడు. "అయిపోయిన దాన్ని తవ్వుకోవడం ఎందుకండీ? మీ ఇంటి మనిషే కదా, మిమ్మల్ని అడిగేవాళ్ళెవరూ లేరు. ఇది పైకి పంపితే మీ ఉద్యోగం ఉండదు."

"ఇంటి మనిషి కాబట్టే ఇన్నాళ్ళు దాచాను. ముద్ర వేసి నకలు ఇప్పించండి" అన్నాడు ఈయన. అధికారి చాలాసేపు పెన్నుతో బల్లమీద కొట్టి, ముద్ర వేశాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. ఈ వేళప్పుడు మొగుడు రావడం చూసి ఆమె మిషను ఆపింది. "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?"

ఆయన ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. నకలు ఆమె చేతికిచ్చి, పిల్లలకి చెప్పినట్టు ఒక్కొక్క అంకె చూపిస్తూ చెప్పాడు. ఇది సోడా, ఇది దాంట్లోంచి పుట్టిన వాయువు, ఇది గొయ్యి. ఎక్కడా గొంతు ఎత్తలేదు, ఎక్కడా క్షమించమనలేదు. ఆ మాట అడిగే హక్కు తనకి లేదనుకున్నాడు.

ఆమె అంకెల వంక చూడలేదు, ఆయన వంకే చూసింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"లోపల అది ఉందని వాడికి తెలిసే దారేమైనా ఉందా?"

"లేదు. వాసన ఉండదు, కంటికి కనపడదు."

"వాడు ఇంకో గంట ఆగుంటే?"

"అయినా ఉండేది. ఎవరు దిగినా అంతే. నేను రాసిన చీటీ నమ్మి దిగాడు."

"మీకు ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"ఇరవై రెండు రోజులు. ఇవాళ్టితో ఇరవై మూడు."

"ఇన్నాళ్ళూ వాణ్ణి నానా మాటలూ అన్నాను. మీరు వింటూ కూర్చున్నారు" అంది. ఆయన తల దించుకున్నాడు. తల కూడా ఎంతసేపు దించుకోవాలో తెలియక, కాసేపటికి ఎత్తాడు.

ఆమె లేచి కళ్ళు తుడుచుకుంది. ఫోను తీసి తల్లికి చేసింది. ముసలావిడకి చెవుడు, అందుకని గట్టిగానే మాట్లాడింది.

"అమ్మా, నేను. తమ్ముడు తొందరపడి దిగలేదమ్మా. గోతిలో విషపు గాలి ఉంది. ఉందని వాడికి తెలీదు. అవును, పని చేసుకోవచ్చని చీటీ ఇచ్చాకే దిగాడు. కాదమ్మా, కాగితంలో రాసింది అబద్ధం. వాడి తప్పు వీసమంత కూడా లేదు."

అవతల ముసలావిడ ఏదో అడిగింది. అవతలి నుంచి మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. ఆమె మొగుడి వైపు తిరిగి ఫోను చాపింది.

"మరి ఎవరిది అని అడుగుతోంది. మీరే చెప్పండి."

ఆయన లేచి నిలబడి, రెండు చేతులతో ఫోను అందుకున్నాడు.

"నాది, అత్తయ్యా" అన్నాడు. ఆవిడకి వినపడలేదు. గట్టిగా ఇంకోసారి చెప్పాడు.