తెర దించే మాట

నాటకశాలలో తెర లాగే ఉద్యోగం చూడ్డానికి చిన్నదే. కానీ మహారాజంతటివాడు కూడా చచ్చాక లేచి వెళ్లాలంటే తెరాయన చేతిలో తాడు కదలాలి. అంతటి అధికారి ప్రతి ఆటలోనూ మొదటి రెండు అంకాలూ స్టూలు మీద కునుకు తీసేవాడు. మూడో అంకంలో రాణి 'ఉపేక్ష' అనగానే మెలకువొచ్చేది, తెర పడేది.

ఆ మాటకి అర్థం ఆయన ఎవరినీ అడగలేదు. తెర పడుతోంది కాబట్టి 'అయిపోయింది' అని సొంతంగా తీర్మానించి, ఇంట్లో వాడకానికి తెచ్చాడు.

"కూర ఉపేక్షేనా?" అనేవాడు గిన్నె వంచి చూసి.

"ఉపేక్షే," అనేది భార్య గౌరవంగా.

కొన్నాళ్లుగా ఆవిడకి కన్ను మసకబారుతోంది. "సూదిలో దారం ఎక్కట్లేదయ్యా."

"చూద్దాంలే. ఈ నాటకం ఉపేక్ష అవనీ."

ఆవేళ సింహాసనం కాలు విరిగింది. రాజుగారు తెరాయన స్టూలుకి పట్టుగుడ్డ కప్పి దానిమీద కొలువుదీరారు. నిలబడి నిద్రపోయే విద్య రాక, తెరాయన మొదటిసారి నాటకం విన్నాడు.

"శత్రువును ఉపేక్షిస్తే కోటలోకే వస్తాడు ప్రభూ!" అన్నాడు సేనాపతి. అయిపోయినవాడు కోటలోకెలా వస్తాడు?

రెండో అంకంలో వైద్యుడొచ్చాడు. "రాణిగారి జబ్బును ఉపేక్షించారు. మొదట్లోనే చూపించాల్సింది."

తెరాయనకి మోకాళ్లతోపాటు ఇంకేదో లాగడం మొదలైంది.

"మీ కోపాన్నైనా ఓర్చుకునేదాన్ని. ఈ ఉపేక్షను ఓర్వలేకపోయాను," అని రాణి ప్రాణం వదిలింది.

తెర కదల్లేదు. రాజు ఏడ్చిందే ఏడ్చాడు. చివరికి శవమే పళ్లు బిగించి, "బాబాయ్, తాడు!" అంది. జనం గొల్లుమన్నారు.

మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. "నిద్రపోయావా?"

"ఇవాళే మేలుకున్నానండీ. రేపు సెలవు కావాలి. మా ఆవిడ కన్ను చూపించాలి."

"రేపు ఆటుందిగా? చూద్దాంలే."

వాదించే ఓపిక లేదు. తాడు కొస మేనేజరు చేతిలో పెట్టాడు. "రాణి 'ఉపేక్ష' అనగానే వదలండి. ముందు రెండుసార్లు వస్తుంది, అప్పుడు వదలకండి."

ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. "రేపు పొద్దున్నే కళ్ల డాక్టరు దగ్గరికెళ్దాం."

"నాటకం ఉపేక్షా?"

"కాదే. ఆ మాటకి అర్థం అది కాదు."

"మరేంటి?"

ఆవిడ చేతిలోంచి సూది తీసుకున్నాడు. ఆయన చూపూ అంతంతమాత్రమే. దారం కొస తడిచేసి, తప్పిపోతుంటే మళ్లీ మళ్లీ పెట్టి, చివరికి ఎక్కించి ఇచ్చాడు.