టైగర్‌కి నేను నేర్పిన కోపం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెరిగిన కుక్క పుట్టింది అంబాజీపేటలో, ఒక కొబ్బరి కొట్టు వెనకాల. రోజంతా లారీలు వచ్చి కాయలు ఎత్తుకుపోయే చోటు అది. తల్లి ఏదో లారీ కింద పడి పోయిందట. ఆ కొట్టు ఆసామి మా నాన్నగారి దగ్గర చదువుకున్నవాడు. పని మీద అటు వెళ్ళిన నాన్నగారిని బతిమాలి, పిల్లని గుడ్డసంచిలో పెట్టి పంపించాడు. రాజోలు దగ్గర మా ఊరు చేరేదాకా అది సంచిలోంచి తల బయటికి పెట్టలేదని నాన్నగారు చెప్పేవారు.

టైగర్ అని పేరు నేనే పెట్టాను. దాని వాలకం మాత్రం పేరుకి తగ్గట్టు లేదు. వీధిలో లారీ హారన్ మోగితే చాలు, తోక కాళ్ళ మధ్యకి పోయేది. గుమ్మంలో ఎవరైనా కొత్తవాళ్ళు దగ్గితే మంచం కిందకి దూరేది. కొబ్బరి దింపు ఉన్న రోజున తోటలో కాయలు దబదబా పడుతుంటే, వలిచిన కొబ్బరి డొక్కల పోగు వెనకాల నక్కి సాయంత్రం దాకా వణుకుతూనే ఉండేది. మా అమ్మ మాత్రం దాన్ని ఏమీ అనేది కాదు. తల్లి లేని పిల్ల, మెల్లిగా అదే అలవాటు పడుతుందిలే అనేది.

నేనే ఆగలేకపోయాను. ఎందుకంటే నేనూ అలాంటివాణ్ణే. అప్పటికి నాకు పదేళ్ళు. మా పేటలో నాకంటే పెద్దవాళ్ళు ఇద్దరు అన్నదమ్ములుండేవారు. బడి దగ్గర నా బలపాలు లాక్కునేవారు, దారిలో నెత్తి మీద మొట్టికాయలు వేసేవారు. వాళ్ళకి ఎదురుపడకూడదని నేను కాలవగట్టు మీదుగా చుట్టు తిరిగి ఇంటికి వచ్చేవాణ్ణి. మాష్టారి కొడుకుని కాబట్టి నాన్నగారికి చెబితే సరిపోయేది. చెప్పడానికీ భయమే.

ఒకరోజు బంతి పడిందని వాళ్ళిద్దరూ మా పెరట్లోకి వచ్చారు. వాళ్ళని చూసి టైగర్ నిలబడ్డ చోటే తడిపేసుకుని నా కాళ్ళ వెనక్కి చేరింది. పెద్దవాడు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఒరేయ్, కుక్క కూడా వీడిలాగే ఉందిరా" అన్నాడు. వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నాకు వాళ్ళ మీద రావలసిన కోపం టైగర్ మీద వచ్చింది.

ఆ వారంలోనే మా తోటలో కాయలు వలవడానికి వచ్చిన ఒకాయన మాటల్లో ఒక ఉపాయం చెప్పాడు. కుక్కకి పౌరుషం రావాలంటే చీకటి కొట్లో కట్టేసి, ముసుగు వేసుకుని కొట్టాలట, అప్పుడు కొత్త మనిషి కనబడితే మీద పడుతుందట. ఆయన నవ్వులాటకి అన్నాడో నిజంగానే అన్నాడో నాకు తెలియదు. నేను మాత్రం నిజమే అనుకున్నాను.

సాయంత్రాలు నాన్నగారు ట్యూషన్లు చెప్పడానికి వెళ్ళేవారు. అమ్మ ప్రార్థన కూటానికి వెళ్ళేది. ఆ వేళలో నేను టైగర్‌ని పాత గొడ్లసావిట్లో కట్టేసి, నాన్నగారి పాత లుంగీ నెత్తి మీంచి కప్పుకుని, కొబ్బరి మట్ట చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళేవాణ్ణి. కొట్టేవాణ్ణి. పొడిచేవాణ్ణి. మొరిగేదాకా ఆపేవాణ్ణి కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొదటి మూడు నాలుగు రోజులూ నేను ఆ ముసుగుతో లోపలికి వెళ్ళగానే టైగర్ తోక ఊపేది. ముసుగు నా మొహాన్ని దాచింది గాని, నా వాసనని దాచలేదు కదా. అది నేనేనని దానికి తెలుసు. తెలిసే, దెబ్బ పడేదాకా తోక ఊపుతూ ఉండేది. అది చూసి కూడా నేను కొట్టాను.

రెండు వారాలకి దానికి కోపం వచ్చింది. కోపం అనే అనుకున్నాను నేను. పళ్ళు బయటపెట్టి గుర్రుమనేది, తాడు తెగేలా ఎగిరేది. దాన్ని గట్టిగా తాడేసి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్ళాను. ఆ అన్నదమ్ములు రెండడుగులు వెనక్కి వేశారు. ఆ పూట అన్నం ఎంత తిన్నానో నాకు ఇప్పటికీ గుర్తు. టైగర్ మాత్రం పళ్ళెం ముట్టుకోలేదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. చుట్టం కాదు గాని, నేను పుట్టినప్పటి నుంచీ ఎరుగున్న మనిషి. వాళ్ళమ్మగారికి కళ్ళు కనబడవు. అక్క కుట్టుమిషను మీదే ఇద్దరూ బతికేవారు. మా పేటలో గౌన్లూ జాకెట్లూ చొక్కాలూ అన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్ళేవి. క్రిస్మస్‌కి నెల ముందు నుంచీ ఆ ఇంట్లో మిషను చప్పుడు ఆగేది కాదు. తన పళ్ళెంలోని చేపముక్క మా టైగర్‌కి కంచె సందులోంచి అందించేది కూడా ఆవిడే.

పండగ ఇంకా రెండు వారాలుందనగా, ఒక సాయంత్రం సన్నగా చినుకులు పడుతున్నాయి. నాకు కుట్టిన చొక్కా కొలత సరిపోయిందో లేదో చూద్దామని అక్క మా పెరట్లోకి వచ్చింది. తడవకుండా తల మీంచి తువ్వాలు కప్పుకుంది. టైగర్‌ని నేను వదులుగా కట్టాను. ముసుగు మనిషి కనబడగానే అది తాడు విడిపించుకుని వెళ్ళి ఆవిడ కుడిచెయ్యి పట్టేసింది. అక్క అరవలేదు. "నేనురా, నేనురా" అంటూనే ఉంది. గొంతు గుర్తుపట్టాక అది వదిలేసి, వెళ్ళి డొక్కల వెనకాల దూరింది.

నాన్నగారు ఆవిడని రిక్షాలో రాజోలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకోవాలన్నారు, రోజుకి ఒకటి చొప్పున. మా వాకిట్లో జనం చేరి, పిచ్చికుక్క అయ్యుంటుందండీ, చంపించెయ్యండి మాష్టారూ అన్నారు. డాక్టరుగారు మాత్రం పది రోజులు కట్టేసి చూడమన్నారు, అది బాగుంటే పిచ్చి లేనట్టే అన్నారు. నాన్నగారు అక్క వాళ్ళమ్మగారి ముందు చేతులు జోడించి, "మా వల్లే జరిగిందమ్మా, క్షమించాలి" అన్నారు. ఊరంతా నమస్కారం పెట్టే మనిషి ఆయన. నేను ఆ పక్కనే స్తంభం పట్టుకుని నిలబడి విన్నాను.

మూడోరోజు అక్క చేతికి కట్టుతో మా పెరట్లోకి వచ్చింది. నేను ఒక్కణ్ణే ఉన్నాను. నా పక్కన కూర్చుని చాలాసేపు టైగర్‌నే చూసింది. తర్వాత మెల్లిగా అడిగింది.

"ఆ లుంగీ ఏం చేసేవు నాన్నా?"

నేను తల దించుకున్నాను.

"కంచెలోంచి రెండుసార్లు చూసేను. పిల్లల ఆట అనుకుని ఊరుకున్నాను. నాది కూడా తప్పే" అంది.

నాన్నగారికి చెప్పేస్తావా అని అడిగాను. అప్పుడు కూడా నేను అడిగింది నా గురించే. ఆవిడ చెయ్యి ఎలా ఉందని అడగలేదు.

"నేను చెప్పను. చెప్పాల్సింది నేను కాదు కదా" అంది అక్క.

ఆ తర్వాత రోజూ సూది పొడిపించుకుని వచ్చి, పొట్ట పట్టుకుంటూనే నాతో సావిడి గుమ్మంలో కూర్చునేది. వాళ్ళ నాన్నగారు అమలాపురంలో జట్కా తోలేవారట. తన్నే గుర్రం ఏది కనబడినా, దీన్ని ఎవరు బెదరగొట్టేరని ఆయన ముందు అడిగేవారట. టైగర్‌కి వచ్చింది కోపం కాదనీ, పారిపోవడానికి చోటు లేక భయమే అలా పళ్ళు బయటపెట్టిందనీ చెప్పింది. అది లాగినా అందనంత దూరంలో, దానికి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి కూర్చోమంది. దాని కళ్ళలోకి చూడొద్దంది. పిలవొద్దంది. అన్నం ముద్ద విసరకుండా నేల మీద దొర్లించి, దాని మానాన దాన్ని వదిలెయ్యమంది. మొదటి రెండు రోజులూ ముద్దలకి చీమలు పట్టాయి. మూడోరోజు మేము లేచి వెళ్ళాక తింది. ఆరోరోజున మేము ఉండగానే, మెడ సాచి, ఒళ్ళంతా వెనక్కే ఉంచుకుని తింది.

ఈలోగా అక్క చెయ్యి వాచి కత్తెర పట్టుకోవడానికి రాలేదు. గుడ్డలు ఇచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఏమనుకోకు అమ్మాయీ, పండగ దగ్గరికి వచ్చేసింది కదా అంటూ తిరిగి పట్టుకుపోయారు. ప్రతివాళ్ళకీ "ఆయ్, పట్టుకెళ్ళండి, పర్లేదండి" అని మూట కట్టి ఇచ్చేది. రాజోలు దర్జీలకి అప్పటికే చేతినిండా పని. మా పేట పిల్లలు చాలామందికి ఆ ఏడు కొత్తబట్టలు లేవు.

పదోరోజు గడిచింది. టైగర్ బాగానే ఉంది. ఆ సాయంత్రం నాన్నగారు అమ్మతో, పిచ్చి లేకపోయినా కరిచే కుక్కని ఇరుగుపొరుగు మధ్య ఉంచకూడదనీ, అంబాజీపేట లారీవాళ్ళకి చెప్పి దూరంగా ఎక్కడైనా వదిలేయిస్తాననీ అన్నారు. లారీ అనే మాట వినగానే నాకు సంచిలోంచి తల బయటికి పెట్టని పిల్ల గుర్తొచ్చింది. అప్పుడు చెప్పాను. లుంగీ, మట్ట, సావిడి, అన్నీ చెప్పాను. ఎదురుగా ఉన్నవాళ్ళ మొహాలు చూడలేక గోడకి చెప్పాను.

నాన్నగారు కొడతారనుకున్నాను. ఆయన కొట్టలేదు. ఒక్కటే అడిగారు.

"ముసుగులో ఉన్నది నువ్వని దానికి తెలుసా?"

"ఆయ్" అన్నాను.

ఆయన లేచి చెప్పులు వేసుకుని పక్కింటికి వెళ్ళారు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగి వచ్చాక టైగర్‌ని ఎక్కడికీ పంపడం లేదని అమ్మతో చెప్పారు. నాతో మాత్రం ఆదివారం దాకా మాట్లాడలేదు.

క్రిస్మస్ నాడు అమ్మ నాకు ఆ చొక్కానే తొడిగింది. వద్దని ఏడిచాను. అక్క కష్టపడి కుట్టింది, తొడుక్కోవాలి అంది అమ్మ. గుడిలో నా ముందు వరసలో ఆ అన్నదమ్ములు కూర్చున్నారు. వాళ్ళవి నిరుటి చొక్కాలు, చేతులు పొట్టి అయిపోయాయి. చిన్నవాడు వెనక్కి తిరిగి నా చొక్కా గుడ్డని వేళ్ళతో పట్టుకుని చూసి, "బాగుందిరా" అన్నాడు. బయటికి వచ్చాక అక్క దగ్గరికి వెళ్ళి, చెయ్యి నొప్పిగా ఉందా అని మొదటిసారి అడిగాను. "తగ్గుతుందిలే" అంది. తగ్గింది గాని, చిటికెనవేలు మళ్ళీ ఎప్పుడూ పూర్తిగా ముడుచుకోలేదు. మిషను మీద గుడ్డ తోసేటప్పుడు ఆ వేలు ఒక్కటీ విడిగా నిలబడి ఉండేది.

టైగర్ మాతో ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. మళ్ళీ ఎవరినీ కరవలేదు. అమ్మ వెంట తోటంతా తిరిగేది, అక్క గొంతు వినబడితే కంచె దగ్గరికి పరుగెత్తేది. నా దగ్గరికీ వచ్చేది, నా కాళ్ళ దగ్గరే పడుకునేది. కాని అన్నం పెట్టడానికి నేను చెయ్యి ఎత్తినా సరే, ఒక్క క్షణం కళ్ళు గట్టిగా మూసుకునేది. పారిపోయేది కాదు. దెబ్బ పడితే పడనీ అన్నట్టు కళ్ళు మూసుకుని నిలబడేది. తొమ్మిదేళ్ళలో ఆ అలవాటు మాన్పించలేకపోయాను.

తర్వాత నేనూ మాష్టారినయ్యాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. తరగతిలో ఎవడైనా పిల్లాడు పక్కవాడి మీద పడి కొడితే, వాడి పక్కన బల్ల మీద కూర్చుని, నిన్నెవరు బెదిరించేరని అడిగేవాణ్ణి. చాలాసార్లు జవాబు ఉండేది. నేను మంచివాణ్ణని చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు. పిల్లాడు గాని, కుక్క గాని, ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు నా చేతులు కిందికి దించుకుంటాను. ఎదుటివాళ్ళు కళ్ళు మూసుకోవడం ఇంకొక్కసారి చూసే ధైర్యం నాకు లేదు.