తాతగారు చెప్పిన ఇంగ్లీషు పాఠం

దుందుభి నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి, గురువారం, ఉదయం ఏడుంబావు గంటలకు నా ఆంగ్ల సాహిత్య విద్య మా తాతగారి చేతిలో పడింది. ఆ రోజుల్లో అమలాపురంలో పై తరగతి విద్యార్థులం పదకొండుగురం. ఇంగ్లీషు పద్యాల పుస్తకం ఒక్కటి. అది వంతుల ప్రకారం ఇళ్ళకు తిరిగేది. దాని అట్ట తోలుది. తోలు వస్తువుకు మా గడప దాటే యోగ్యత లేదు కనుక వీధి అరుగు మీద కూర్చుని చదివేవాణ్ణి (చదివాక స్నానం; మాఘమాసపు చలిలో సాహిత్యాభిరుచి ఎంతసేపు నిలుస్తుందో పాఠకులే ఊహించాలి). ఇరవై ఒకటవ రోజున పరీక్షాధికారి దొరగారు వస్తారు; ఆయన ఎదుట అందులోని ఒక పద్యం అప్పజెప్పాలి. ఆయన ఒప్పుకుంటే నా పేరు మెట్రిక్యులేషనుకు వెళుతుంది. లేకపోతే నేను మేనమామగారి వెంట పౌరోహిత్యానికి వెళతాను.

తాతగారు ఘనాపాఠీ. ఇంగ్లీషు అక్షరం ఎరగరు. లోపలి నుంచి నా నత్తి చదువు విని ఓర్చుకోలేకపోయారు.

"ఒరేయ్, ఏమిట్రా ఆ గొణుగుడు? మళ్ళీ చదువు. ఏ భాషైతేనేం, వల్లించే పద్ధతి ఒకటే!"

ఆయన చెప్పిన పద్ధతి వేదానిది: ఒకటో మాట, రెండో మాట, రెండు, ఒకటి, మళ్ళీ ఒకటి, రెండు. మూడో రోజున పుస్తకం వేరే ఇంటికి వెళ్ళిపోయింది. పద్యం ఇరవై నాలుగు పంక్తులూ తాతగారికి కంఠస్థమై ఉండిపోయాయి. మిగిలిన రోజులు ఆయన చెప్పగా నేను నేర్చుకున్నాను.

ఫాల్గుణ శుద్ధ పాడ్యమి, పది గంటలకు దొరగారి ఎదుట నిలబడి పద్యం అందుకున్నాను. స్వరానికి తగినట్టు తల వంగింది, లేచింది. కుడి చెయ్యి దానంతటదే ఆడింది. మాటలు ముందుకు వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు వెళ్ళాయి. మా మేష్టారు చెమటలు తుడుచుకుంటూ తెలుగులో గొణిగేరు:

"ఏమిటయ్యా ఆ చెయ్యి? దొరగారికి దిష్టి తీస్తున్నావా?"

దొరగారు మాత్రం కలం కింద పెట్టి చివరిదాకా విన్నారు. ఆ తరువాత అర్థం చెప్పమన్నారు. నేను మేష్టారి వైపు తిరిగాను.

"అర్థం పైయేడండి. తాతగారు ఇంకా అందాకా రాలేదండి."

మేష్టారు ఆ మాటను ఇంగ్లీషులో విన్నవించారు. దొరగారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, నా పేరెదుట "వచ్చే సంవత్సరం" అని వ్రాశారు.

ఇంట్లో మేనమామగారు సంచి సర్దుకుని సిద్ధంగా ఉన్నారు. "ఇంకేం, రేపే బయల్దేరదాం రా, అబ్బాయీ," అన్నారు. తాతగారు అడ్డుపడ్డారు.

"ఆగవయ్యా! పాఠం తప్పేడా?"

"లేదు తాతగారండీ. అర్థం అడిగేరు," అన్నాను నేను.

"ఇరవై రోజులకే అర్థమా! పాపం, పద్ధతి తెలియని మనిషి. వీడు ఇంకో ఏడు చదువుతాడు. ఈలోగా ఆయనా నేర్చుకుంటాడు."

మరుసటి సంవత్సరం అర్థం నేర్చుకున్నాను, పేరూ వెళ్ళింది.

లెక్క ఇది. పోయినది ఒక సంవత్సరం. పౌరోహిత్యం మా మేనమామగారి అబ్బాయికే ఉండిపోయింది. ఇన్నేళ్ళ తరువాత నిన్న ఉదయం పరీక్షించుకున్నాను: మంచులో దారి తప్పిన కాపరిని గురించిన ఆ ఇరవై నాలుగు పంక్తులూ ముందుకూ వెనక్కూ ఉన్నాయి, చేతి ఊపుతో సహా. కాపరి చివరకు ఇల్లు చేరాడో లేదో గుర్తులేదు. ఆ అర్థం ఏనాడు పోయిందో నా దినచర్య పుస్తకాలన్నీ వెతికాను, తేదీ వ్రాసుకోలేదు.