ఊరికే పనిచేసే మంత్రం

1960ల్లో కోట అనే ఊళ్లో టీచరుగా ఉన్నప్పుడు, మద్రాసు పత్రిక ఒకదానికి మంత్రగాళ్ల సీరియల్ రాసేవాణ్ని. పోస్టు చేసే ముందు ప్రతి భాగాన్నీ మా ఇంటి ఓనరమ్మకు చదివి వినిపించేవాణ్ని. ఆవిడది చేపలు పట్టే కుటుంబం. కథను మెచ్చుకునేది కాదు, తిట్టేదీ కాదు. మంత్రం వచ్చిన చోటల్లా బియ్యం చెరుగుతున్న చాట ఆపి ఒకే ప్రశ్న వేసేది.

"దానికి వాడేం వదులుకున్నాడు అయ్యోరూ?"

నేను మంత్రగాడి కన్నో గొంతో తీసేసి కథ నడిపించేవాణ్ని.

చివరి భాగంలో సముద్రంలో మునిగిన రాకుమారుణ్ని ఒక్క మంత్రంతో ఒడ్డుకు తెచ్చాను. ఆవిడ చాట కింద పెట్టేసింది.

"ఊరికినే వచ్చేస్తాడా?"

"కథే కదమ్మా," అన్నాను.

"మా ఆయన పడవ తుపాన్లో చిక్కినప్పుడు, ఆయన్ని తెచ్చియ్యి తల్లీ, ఇంక చేప ముట్టనని మొక్కుకున్నా."

నాకు చేపల పులుసు వడ్డించి తను మజ్జిగన్నంతో సరిపెట్టుకోవడం నేను రోజూ చూస్తున్నదే. కారణం ఎప్పుడూ అడగలేదు.

"వచ్చారా?"

"రాలా."

"అయితే ఆ మొక్కు మీ మీద లేనట్టే కదమ్మా. తినొచ్చు."

ఆవిడ మళ్లీ చాట అందుకుంది.

"ఇప్పుడు తింటే ఇంకెట్టొస్తాడు అయ్యోరూ?"