మా పడమటి గోడ మీద ఎర్ర గుర్తులు

ఈ వృత్తాంతాన్ని కాగితం మీద పెట్టవలసిన అవసరం నాకు స్వతహాగా కలుగలేదు. మా వీధివారు కలిగించారు. హఫీజ్‌పేట్‌లోని మా వీధిలో ఈ కథను ఇప్పటికీ చెప్పుకుంటారు, చెప్పుకున్న ప్రతిసారీ కొంత పెంచుతారు. మొన్న ఒక బారసాలలో నా చెవిన పడిన కథలో నేను కూల్చివేత యంత్రాన్ని కూడా అద్దెకు తెప్పించాను. అది శుద్ధ అబద్ధం. నేను తెప్పించినది పావు లీటరు ఎర్ర రంగు మాత్రమే. ఆ పావు లీటరుతో ఒక వీధినంతటినీ తొమ్మిది రోజులు ఎలా వణికించానో, ముప్పై నాలుగేళ్లు పిల్లలకు క్రమశిక్షణ నేర్పిన మనిషి ఎంతటి అనర్థాన్ని చేతులారా తెచ్చుకోగలడో, ఉన్నది ఉన్నట్టు నమోదు చేయడం నా విధి.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. కోస్తాలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, హఫీజ్‌పేట్‌లో కట్టించుకున్న చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాను. కట్టించుకున్నది మాత్రం ఇద్దరి కోసం. గృహప్రవేశమైన ఏడాదికే నా భార్య శారద కాలం చేసింది. మాకు పిల్లలు లేరు. డాబా ఎక్కితే హైటెక్ సిటీ అద్దాల మేడలు కనిపించేవి. వాటిలో వేలమంది మనుషులు. డాబా దిగితే నేను, గోడ గడియారం. రోజూ దాని సమయం సరిచూసేవాణ్ణి. మా ఇంట్లో జరిగే పలకరింపు అదొక్కటే.

వీధివారు చెడ్డవారని కాదు. ఎదురింటి యాదగిరి నానక్‌రామ్‌గూడ దారిలో షేర్ ఆటో నడిపేవాడు; అతని భార్య లచ్చమ్మ ఇంటి ముందుగదిలో కిరాణా దుకాణం నడిపేది. పక్కింటి మేరీగారు గుంటూరు వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సు. అందరూ “నమస్తే సారూ” అనేవారు. అంతటితో సరి. ఆంధ్ర సారుతో మాట కలిపితే ఎక్కడికి దారితీస్తుందోనని ఇక్కడివారికి బెరుకు, మేరీగారికి తీరిక లేదు. ఏ మాటకు ఎవరు నొచ్చుకుంటారోనని నాకు బెరుకు. రెండేళ్లలో మా వరండాలో అడుగుపెట్టినవాడు కరెంటు మీటరు చూసే మనిషి ఒక్కడే. అతడూ ఉద్యమ సమ్మెలో ఉన్నాడు.

ఇక గోడ సంగతి. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటి గోడను కాపాడి చూడు అనడం ఎందుకో మరచిపోయారు. ఇటుక గోడకు సిమెంటు గిలాబు, అంటే పైపూత, చొక్కా వంటిది. వానా, ఎండా ముందు దాని మీదే పడతాయి. కొత్త గిలాబుకు కనీసం వారం రోజులు శ్రద్ధగా నీళ్లు పట్టాలి. పట్టకపోతే అది ఇటుకను వదిలేసి, లోపల గుల్లబారి, పైకి మాత్రం పెద్దమనిషిలా నిలబడి ఉంటుంది. ఈ లక్షణం గోడలకే పరిమితం కాదని తరువాత తెలిసింది.

మా దక్షిణపు గోడకు శారద నీళ్లు పట్టింది. కాలనియమం లేదు, గోడ ఆరినట్టు కనిపిస్తే చాలు, కూనిరాగం తీస్తూ గొట్టం పట్టుకునేది. పడమటి గోడ బాధ్యత నాది. కాలపట్టిక తయారుచేసి ఉదయం ఏడింటికి, సాయంత్రం ఐదింటికి నిమిషం తప్పకుండా పట్టాను. నడుమ మండే ఎండకు నా కాలపట్టిక పట్టింపు లేకపోయింది. ఫలితం: దక్షిణపు గోడ నేటికీ రాయి. పడమటి గోడ మూడో వానాకాలానికే బీటలు.

కిష్టయ్య మేస్త్రి వచ్చి, తాపీ పిడితో గోడను అక్కడక్కడా కొట్టి చూశాడు.

“ఇంటున్నరా సారూ? టక్కుటక్కుమంటే గట్టిగున్నట్టు. డబ్బుడబ్బుమంటే గుల్ల. గుల్లున్న కాడల్ల చెక్కి మళ్ల చెయ్యాలె. నేను ఊరికి పోయి పది దినాల్ల వస్త. అందాక మీరే కొట్టి చూసి గుర్తులు పెట్టుండ్రి.”

“దేనితో పెట్టాలి?”

“దేంతోనైతే ఏంది సారూ? బొగ్గుతోని పెట్టుండ్రి.”

పాఠకులారా, ఆ మనిషి స్పష్టంగా బొగ్గు అన్నాడు. కానీ బొగ్గు వానకు పోతుంది. క్రమాన్ని ప్రేమించేవాడు పోయే గుర్తులు పెట్టడు. నేను ఎర్ర నూనె రంగు, సన్నని కుంచె తెచ్చి, చేతికర్ర పిడితో గోడంతా డాక్టరు రోగి వీపును పరీక్షించినట్టు పరీక్షించి, ఇరవై మూడు గుల్లలు కనిపెట్టాను. ప్రతిదాని చుట్టూ గీత, పక్కన బాణం, వరుస సంఖ్య, సిమెంటు అంచనా కోసం కొలత: ‘3 అడుగులు’, ‘2 అడుగులు’. అక్షరాలు ముత్యాలు. నా ఉద్యోగ జీవితమంతటిలో నల్లబల్ల మీద అంత చక్కని పని చేయలేదు. ఆ గోడ వీధి వైపుది కావడంతో నా పనితనం వీధి మొదటి నుంచే కనిపించేది.

హైదరాబాదు పాఠకులు ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. ఇతరుల కోసం చెబుతాను. ఈ నగరంలో రోడ్డు వెడల్పు చేయదలచిన అధికారులు ముందుగా వచ్చి, గోడల మీద ఎర్రగీతలు గీసి, ఎన్ని అడుగులు పోతాయో రాసిపోతారు. ఆ వెనుక యంత్రం వస్తుంది. ఇది ఇక్కడి చంటిపిల్లలకూ తెలిసిన సంగతి. నాకు మాత్రం మరునాటి ఉదయం తెలిసింది.

“సారూ! ఓ సారూ! ఎన్నడొచ్చిండ్రు మున్సిపాలిటోళ్లు?” లచ్చమ్మ తలుపు బాదుతోంది. వెనుక మేరీగారు.

“ఎవరమ్మా?”

“గోడకు గీతలు పెట్టి పోయినోళ్లు! మీదే మూడడుగులు పోతే, రోడ్డు మీదికున్న మా దుకాణం మిగుల్తదా?”

“మా మెట్లూ పోతాయా మాస్టారూ? మొన్ననే టైల్స్ వేయించామండీ!” అంటూ మేరీగారు లోపలికి వచ్చి కిటికీ పక్కనున్న పేము కుర్చీలో కూలబడ్డారు.

నాకు విషయం తక్షణమే అర్థమైంది. జవాబు ఒక్క వాక్యం: గుర్తులు నావి. నాలుక చివరి దాకా వచ్చింది. అయితే మేరీగారు కూర్చున్నది శారద కుర్చీ. రెండేళ్లుగా అందులో ఎవరూ కూర్చోలేదు. ఇంతలో లచ్చమ్మ “జర టీ పెడ్త, తలకాయ పని చేస్తలేదు. పొడి యాడున్నది సారూ?” అంటూ లోపలికి వెళ్లింది. వంటింట్లో నేను చేయని గిన్నెల చప్పుడు వినబడింది.

“చూద్దాం,” అన్నాను.

తెలుగు పెద్దమనిషి ‘చూద్దాం’ అన్నాడంటే అందులో అబద్ధం ఉండదు, నిజమూ ఉండదు.

సాయంత్రం యాదగిరి ఎనిమిది మందితో వచ్చాడు. “సారూ, సదువుకున్నోళ్లు మీరే. అర్జీ మీరే రాయాలె.”

రాశాను. నా గోడ మీద నేను గీసిన గీతలను తీవ్రంగా ఖండిస్తూ, నాలుగు చిత్తుప్రతుల అనంతరం, మచ్చలేని భాషలో రాశాను. మరునాడు యాదగిరి నన్ను ఆటోలో మునిసిపల్ కార్యాలయానికి తీసుకుపోయాడు. గేటుకు తాళం. కాపలాదారు బీడీ తీయకుండానే చెప్పాడు: “సమ్మె నడుస్తున్నది. ఖతమైనంక రాండ్రి.”

“ఎప్పుడు ఖతమవుతుంది?” అన్నాను.

“తెలంగాణ వచ్చినంక.”

“జై తెలంగాణ!” అన్నాడు యాదగిరి చెయ్యెత్తి. ఎత్తిన చెయ్యి దించకముందే నా వైపు తిరిగి, “మరి నా దుకాణం సారూ?” అన్నాడు.

సమ్మె కారణంగా ‘మేము గీయలేదు’ అని చెప్పవలసినవారు ఎవరూ లేరు. నా అబద్ధానికి ప్రభుత్వమే సెలవు మంజూరు చేసింది. రోజూ సాయంత్రం మా ఇంట్లో సమావేశం. కుర్చీలు చాలక చాపలు. ఒకనాడు యాదగిరి ఆవేశంలో “మీ ఆంధ్రోళ్లు ఎన్నడన్న...” అని, నన్ను చూసి నాలుక కరచుకున్నాడు. “మీరు గాదు సారూ. మీరు మనోళ్లే.” ఆ రాత్రి గడియారం సరిచూడడం మరచిపోయాను.

రేపు చెబుతాను అనుకునేవాణ్ణి. చెబితే ఈ చాపలు ఖాళీ అవుతాయి. నిజం నిప్పులాంటిదంటారు, నేను దాని మీద తొమ్మిది సాయంత్రాలు టీ కాచుకున్నాను.

పదో నాటి ఉదయం గడ్డం గీసుకుంటూ ఉండగా, వీధిలో గడ్డపార చప్పుడు. కిటికీలోంచి చూస్తే యాదగిరి తన దుకాణం ముందున్న అరుగును తానే పెకలిస్తున్నాడు. ఒక చెంప సబ్బు నురగతో, చెప్పులు లేకుండా పరుగెత్తాను.

“ఏం చేస్తున్నావు యాదగిరీ?”

“మిషనొస్తే బండలన్ని పలుగుతయి సారూ. తాండూరు బండలు, మా నాయిన ఏయించిండు. ముందుగాల్నే తీసి పెట్టుకుంట.” రెండు బండలు పక్కన పెట్టాడు. మూడోది అప్పటికే రెండు ముక్కలైంది.

“ఆపు! రోడ్డు వెడల్పు లేదు!”

“ఎవలు చెప్పిండ్రు?”

“ఎవరూ చెప్పలేదు. ఆ గుర్తులు పెట్టింది నేనే.”

గడ్డపార గాలిలో ఆగింది. “మీరా? ఎందుకు?”

“గోడలో గుల్లలకు. మేస్త్రి పెట్టమన్నాడు.”

“మరి అడుగులెందుకు రాసిండ్రు?”

“సిమెంటు అంచనాకు.”

లచ్చమ్మ దుకాణంలోంచి బయటికి వచ్చింది. “తొమ్మిది దినాల సంది మా ఇంట్ల కంటి మీద కునుకు లేదు. నువ్వు ఎరుకుండి మాతోని టీ తాక్కుంట కూసున్నవా?”

అంతవరకూ ‘మీరు’ అన్న మనిషి ‘నువ్వు’ అన్నది. నేను దానికి తగినవాణ్ణే.

“మొదటి రోజే చెప్పొచ్చు కదండీ మాస్టారూ,” అన్నారు గుమ్మంలో నిలబడ్డ మేరీగారు మెల్లగా.

“చెబితే మీరంతా వెళ్లిపోతారమ్మా.”

ఆ మాట నేను అనదలచుకోలేదు. నురగతో పాటు జారిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఎవరి ఇంట్లోకి వారు వెళ్లారు.

మూడు రోజులు ఒక్క ‘నమస్తే’ లేదు. మేస్త్రి ఊరి నుంచి ఇంకా రాలేదు; సిగ్గును కప్పిపుచ్చుకుందామని గుర్తుల మీద సున్నం వేశాను. నూనె రంగు సున్నానికి లొంగదు. మరో పూత వేశాను. వాన వచ్చి రెండు పూతలనూ కడిగేసింది. ఇరవై మూడు గుర్తులు తలంటు పోసుకున్న పెళ్లికొడుకుల్లా మెరిశాయి.

నాలుగో నాడు లచ్చమ్మ గేటు దగ్గర నిలబడింది. “రేపు రోడ్డు మీద వంటావార్పు.” ఉద్యమంలో అదొక పద్ధతి: జనమంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కలిసి తిని నిరసన తెలిపేవారు. “పొద్దుగాల ఆరింటికల్ల రావాలె. ఉల్లిగడ్డలన్ని నువ్వే కొయ్యాలె. బండ పలగ్గొట్టించినందుకు గదే జుర్మానా.”

“నేను ఆంధ్రావాణ్ణి కదమ్మా. అక్కడ నేను కూర్చుంటే...”

“ఆ సంగతి ఉల్లిగడ్డకు ఎరుకనా?”

మరునాడు నడిరోడ్డు మీద, కత్తిపీట ముందు, ఉల్లిపాయల బస్తా పక్కన కూర్చున్నాను. ఒక్కొక్క పాయనూ సమాన భాగాలుగా కోస్తుంటే యాదగిరి నా నెత్తి మీదే నిలబడి చూశాడు. “ఏంది సారూ, స్కేలు పెట్టి కోస్తున్నరా? గిట్లయితే తెలంగాణ వస్తది గని కూర గాదు!”

రోడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగానే కళ్లు మండి నీళ్లు మొదలయ్యాయి, మొదలైనవి ఆగలేదు. శారద పోయిన నాడు, పది మందిలో పెద్దమనిషి ఏడవరాదని, నేను ఏడవలేదు. ఆ తరువాత ఖాళీ ఇంట్లో ఎవరి కోసమని ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు వంద మంది నడుమ గంటసేపు ధారగా ఏడ్చాను. ఒక్కరికీ అనుమానం రాలేదు.

“సారు కండ్లు మండుతున్నయి, జర నీళ్లియ్యుండ్రి!” అన్నది లచ్చమ్మ. నా ముఖం కాసేపు చూసి, గొంతు తగ్గించింది. “బస్తా ఒడిసింది సారూ. ఇగ లేస్తరా?”

“ఇంకో బస్తా ఉంటే తెప్పించమ్మా,” అన్నాను.

ఆ పొయ్యిలోని అగ్ని సాక్షిగా ఆనాడే ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ గోడ మీదా ఎర్ర రంగుతో గానీ, మరే రంగుతో గానీ అంకె వేయను. గుల్లను బొగ్గుతోనే గుర్తిస్తాను. గిలాబుకు గడియారాన్ని కాక ఎండను చూసి నీళ్లు పడతాను. ఎవరైనా టీకి రావాలనిపిస్తే నోరు తెరిచి రమ్మంటాను.

ఈ కథనంలో నా జ్ఞాపకం తప్పిన చోట్లు ఉండవచ్చు. గుర్తులు ఇరవై మూడని నేను, ఇరవై నాలుగని లచ్చమ్మ. పగిలిన బండ ఒకటని నేను, రెండని యాదగిరి. తెలిసినవారు దోషాలను దిద్దవలసిందిగా మనవి. ఉత్తరం రాయడం కంటే స్వయంగా వచ్చి దిద్దడం మేలు. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను.